రెడ్డిగూడెం వడ్లు... అబిజాన్ అన్నం

రెడ్డిగూడెం: మైలవరం వైపు నుండి వచ్చేవారికి ఈ మండలంలో మొదట కనిపించేవి మామిడి తోటలే. బంగినపల్లి, చిన్న రసాలు, కలెక్టరు కాయల పేరు మీదనే రెడ్డిగూడెం బయటి ఊళ్ళకు తెలుసు. వేసవి వస్తే నున్న మార్కెట్టుకు లోడ్లు కట్టే హడావిడి అందరికీ పరిచయమే. అయితే తోట లేని చిన్న రైతుకు ఆధారం మామిడి కాదు. చెరువు కింద, బోరు కింద పండే వరి. కుప్ప నూర్చి, కళ్ళంలో వడ్లు ఆరబోసి, మబ్బు పడితే పరదా పట్టలు కప్పుకుంటూ కూర్చునే రైతు నోట వచ్చేది ఒకటే ప్రశ్న. "బస్తా ఎంత పలుకుతుంది?"

ఈ ప్రశ్నకు జవాబు మిల్లులో లేదు. మైలవరంలోనూ లేదు. కొంత ఢిల్లీలో ఉంది. మరికొంత సముద్రాలు దాటి ఆఫ్రికా ఖండం పడమటి ఒడ్డున, అబిజాన్ అనే రేవు పట్నంలో ఉంది. ఆ పట్నం ఉన్న దేశం ఐవరీకోస్టు. భారతదేశానికీ ఆ దేశానికీ 1962 నుండి దౌత్య సంబంధాలు ఉన్నాయి. దౌత్యం అంటే రాయబారులు కరచాలనం చేసుకోవడం, విందులు, ఫొటోలు అని చాలామంది అభిప్రాయం. కాని 2022 నుండి 2025 వరకు జరిగిన బియ్యం వ్యవహారం చూస్తే, దౌత్యం రైతు కళ్ళం దాకా ఎలా వస్తుందో తెలుస్తుంది.

ఏనుగు దంతాల తీరం

ఐవరీకోస్టు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కంటే కొంచెం పెద్ద దేశం. విస్తీర్ణం సుమారు 3 లక్షల 22 వేల చదరపు కిలోమీటర్లు. జనాభా దాదాపు 3 కోట్లు. మనల్ని ఇంగ్లీషువారు ఏలినట్లే వారిని ఫ్రెంచివారు ఏలారు. 1960 ఆగస్టు 7న స్వాతంత్ర్యం వచ్చింది. ఐవరీకోస్టు అంటే ఏనుగు దంతాల తీరం అని అర్థం. తమ దేశం పేరును ఎవరి భాషలోకి వారు మార్చుకోవద్దని, ఫ్రెంచిలో ఉన్నట్లు ‘కోత్ దివ్వార్’ అనే పిలవాలని 1980 దశకంలో ఆ ప్రభుత్వం లోకానికి విజ్ఞప్తి చేసింది. అయినా మన దేశంలో పాత పేరే వాడుకలో నిలిచింది.

ఆ దేశపు మొదటి అధ్యక్షుడు ఫెలిక్స్ ఉఫూయే బ్వానీ కథ రైతులు తెలుసుకోదగినది. ఆయన వైద్యం చదివారు. కోకో తోటలున్న ఆసామి. ఫ్రెంచి దొరల తోటలకు ఒక రేటు, నల్లవారి తోటలకు ఒక రేటు ఏమిటని 1944లో ఆఫ్రికా రైతులతో ఒక సంఘం కట్టారు. రైతు సంఘం నుండి రాజకీయాల్లోకి వచ్చి, 1960 నుండి 1993లో కన్నుమూసే దాకా దేశాన్ని ఏలారు. అంత కాలం ఒకే మనిషి గద్దె మీద ఉండడం మంచిదా కాదా అనేది వేరే సంగతి. వ్యవసాయమే తమ దేశానికి ఆధారమని ఆయన నమ్మిన మాట మాత్రం నిజం.

భారతదేశం 1979లో అబిజాన్‌లో రాయబార కార్యాలయం తెరిచింది. ఐవరీకోస్టు వారు ఢిల్లీలో తమ కార్యాలయం తెరిచింది 2004లో. మన వైపు నుండి వెళ్ళిన పాతికేళ్ళకు గాని వారి వైపు నుండి రాలేదన్నమాట. అదే 2004లో భారతదేశం ఎనిమిది ఆఫ్రికా దేశాలతో కలిసి ‘టీమ్-9’ అనే ఏర్పాటు చేసుకుని, 50 కోట్ల డాలర్ల అప్పు సదుపాయం కల్పించింది. ఆ ఎనిమిదిలో ఐవరీకోస్టు ఒకటి. అబిజాన్ దగ్గర గ్రాండ్ బస్సామ్‌లో మహాత్మాగాంధీ పేరు మీద సాంకేతిక పార్కు ఒకటి భారతదేశపు రుణంతో వెలసింది.

ఇదంతా సాఫీగా సాగిందని అనుకోరాదు. 2010 ఎన్నికల తరువాత ఓడినవారు దిగకపోవడంతో ఆ దేశంలో అంతర్యుద్ధం చెలరేగింది. 2011 ఏప్రిల్‌లో అబిజాన్ వీధుల్లో కాల్పులు జరుగుతూ ఉండగా భారత రాయబారి శమ్మా జైన్ తన నివాసంలో చిక్కుకుపోయారు. దుండగులు ఇంటి మీద పడ్డారు. చివరకు ఫ్రెంచి సైనికులు వచ్చి ఆమెను క్షేమంగా బయటకు తీసుకుపోయారు. ఆ తరువాత దేశం కుదుటపడింది. 2016 జూన్‌లో రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ అక్కడకు వెళ్ళారు. భారత రాష్ట్రపతి ఒకరు ఆ దేశంలో అడుగు పెట్టడం అదే మొదలు. ఆయనకు ఆ దేశపు అత్యున్నత పురస్కారం ఇచ్చి గౌరవించారు.

వాళ్ళూ అన్నమే తింటారు

ఆఫ్రికా అంటే అడవులు, సింహాలు అని పిల్లల పుస్తకాల్లో చదువుకున్నవారికి ఒక సంగతి వింతగా తోచవచ్చు. పశ్చిమాఫ్రికా పట్నాల్లో జనం రెండు పూటలా అన్నం తింటారు. ఐవరీకోస్టులో కర్రపెండలం తురిమి ఆవిరి మీద ఉడికించే ‘అచెకే’ అనే వంటకం ఉన్నా, పట్నాలు పెరిగే కొద్దీ బియ్యం వాడకం పెరిగింది. అక్కడి పొలాల్లో పండే వరి చాలదు. ఏటా 10 లక్షల టన్నులకు పైగా బియ్యం బయట నుండి కొనవలసిందే. కొనేది ఎక్కడ? వియత్నాం, థాయిలాండ్, పాకిస్తాన్, అన్నింటికంటే పెద్ద అంగడి భారతదేశం. ప్రపంచ బియ్యం వ్యాపారంలో నూటికి సుమారు 40 వంతులు మనదే.

మన రాష్ట్రం నుండి ఈ బియ్యం వెళ్ళే దారి కాకినాడ. అక్కడ రెండు రేవులున్నాయి. పాత యాంకరేజి రేవులో పెద్ద ఓడలు ఒడ్డుకు రావు. హోప్ ఐలాండ్ చాటున సముద్రంలోనే లంగరు వేసి నిలుస్తాయి. బియ్యం సంచులను బార్జీల్లో నింపి ఓడ దగ్గరకు చేరుస్తారు. ఓడలు ఎక్కువై రోజుల తరబడి ఆగవలసి రావడంతో 2021లో డీప్‌వాటర్ రేవు నుండి కూడా బియ్యం ఎగుమతికి రాష్ట్ర ప్రభుత్వం అనుమతించింది.

వెళ్ళేది ఏ బియ్యమో కూడా చెప్పుకోవాలి. మనం ఇష్టపడే సన్నబియ్యం కాదు. దాళ్వాలో ఎక్కువగా వేసే 1010 వంటి రకాలు. మారుటేరు పరిశోధనా స్థానంవారు కృష్ణవేణి రకానికి ఐఆర్ 64ను కలిపి తయారుచేసిన వంగడం అది. కాటన్ దొర సన్నాలు అని పేరు పెట్టినా, రైతులు అంకెతోనే పిలుస్తారు. దీనిని పచ్చిబియ్యంగా పంపుతారు, ఉప్పుడు బియ్యంగానూ పంపుతారు. వడ్లను నానబెట్టి, ఆవిరికి ఉడికించి, ఆరబెట్టి మరాడిస్తే ఉప్పుడు బియ్యం. మన ఇళ్ళలో ఎవరూ వండరు. కేరళవారు, ఆఫ్రికావారు కోరి తింటారు.

నూకల సంగతి మరీ విచిత్రం. మన ఊళ్ళలో నూకలు కోళ్ళకు చల్లుతారు, లేకపోతే జావ కాస్తారు. ఐవరీకోస్టుకు పైన ఉన్న సెనెగల్ దేశంలో నూకలే మేలురకం! చేపలతో కలిపి వండే వారి ముఖ్యమైన వంటకానికి నూకలే కావాలి, నిండు గింజ పనికిరాదంటారు. ఒకరి కోడిమేత మరొకరి పెళ్ళి భోజనం.

తలుపు మూసిన రోజు

ఈ వ్యాపారానికి 2022 సెప్టెంబరులో మొదటి దెబ్బ తగిలింది. దేశంలో వానలు సరిగా లేవని, బియ్యం ధర పెరుగుతున్నదని కేంద్ర ప్రభుత్వం నూకల ఎగుమతిని నిషేధించి, పచ్చిబియ్యం మీద 20 శాతం సుంకం వేసింది. 2023 జూలై 20న బాసుమతి కాని పచ్చిబియ్యం ఎగుమతిని పూర్తిగా ఆపివేసింది. ఆగస్టు 25న ఉప్పుడు బియ్యం మీద కూడా 20 శాతం సుంకం వేసింది. ఏడాది తిరిగేలోగా మూడు తాళాలు.

ఆ తాళాలకు ఒక చిన్న సందు మాత్రం ఉంచారు. తమ ప్రజల ఆహార అవసరం కోసం ఏ దేశపు ప్రభుత్వమైనా భారత ప్రభుత్వాన్ని అడిగితే, పరిశీలించి అనుమతి ఇవ్వవచ్చు. వ్యాపారి అడిగితే కుదరదు. ప్రభుత్వమే అడగాలి. అంతకు ముందు కాకినాడ షావుకారు, అబిజాన్ షావుకారు ఫోనులో మాట్లాడుకుని తేల్చుకునే బేరం ఒక్కసారిగా రాయబారుల బల్ల మీదకు వచ్చింది. ఢిల్లీలో కార్యాలయం ఉన్న దేశానికి ఇలాంటప్పుడే దాని విలువ తెలిసేది.

2023 అక్టోబరు 18న కేంద్రం ఏడు దేశాలకు పచ్చిబియ్యం కేటాయిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. అందులో ఐవరీకోస్టుకు 1 లక్షా 42 వేల టన్నులు. పొరుగున ఉన్న గినీకి కూడా అంతే. కామెరూన్‌కు 1 లక్షా 90 వేల టన్నులు. మిగిలినవి నేపాల్, మలేషియా, ఫిలిప్పీన్స్, సీషెల్స్. ఈ బియ్యాన్ని పంపే బాధ్యతను అదే సంవత్సరం ఏర్పడిన జాతీయ సహకార ఎగుమతుల సంస్థకు అప్పగించారు.

1 లక్షా 42 వేల టన్నులంటే ఎంతో రైతు లెక్కలో చూద్దాం. 75 కిలోల బస్తా వడ్లు మరాడిస్తే సుమారు 50 కిలోల బియ్యం వస్తాయి. అంటే 28 లక్షల 40 వేల బస్తాల వడ్లు. ఎకరానికి 30 బస్తాల దిగుబడి వేసుకుంటే 94 వేల ఎకరాల పైచిలుకు పంట. ఒక్క ఉత్తర్వు, అందులో ఒక్క వరుస, అంత పంట!

రైతుకు ఏమి ఒరిగింది

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. రెడ్డిగూడెం కళ్ళంలోని గింజ నేరుగా అబిజాన్ చేరుతుందని ఎవరూ రుజువు చేయలేరు. ఇక్కడి వడ్లు చాలావరకు ప్రభుత్వ కొనుగోలు కేంద్రాల ద్వారా మిల్లులకు పోతాయి. మిల్లులో కలిసిన తరువాత ఏ గింజ కుదపదో, ఏ గింజ ముచ్చినపల్లిదో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. కాని ధర అనేది గింజ వెంట నడవదు, గిరాకీ వెంట నడుస్తుంది. ఎగుమతిదారులు రంగంలో ఉన్నప్పుడు బయటి వ్యాపారి కూడా కళ్ళం దగ్గరకు వస్తాడు. వారు తప్పుకుంటే మిగిలేది ప్రభుత్వ మద్దతు ధర ఒక్కటే. 2023-24లో సాధారణ రకం వడ్లకు మద్దతు ధర క్వింటాలుకు 2,183 రూపాయలు. 75 కిలోల బస్తాకు 1,637 రూపాయల చిల్లర.

20 శాతం సుంకం ఎవరి జేబులో నుండి పోతుందనేది మరో ప్రశ్న. ఓడకు ఎక్కించే టన్ను బియ్యం ఖరీదు 500 డాలర్లనుకుంటే, అందులో 100 డాలర్లు సుంకం. అబిజాన్ వ్యాపారి అంతా భరించడు. థాయిలాండ్ బియ్యం ఉన్నాయి పొమ్మంటాడు. కొంత ఎగుమతిదారు సర్దుకుంటాడు, కొంత మిల్లరు మీద వేస్తాడు. మిల్లరు ఎవరి మీద వేస్తాడో వేరే చెప్పనక్కర లేదు.

అసలు బాధ 2023 డిసెంబరులో వచ్చింది. ఆ నెల 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఖరీఫ్ కోతల సమయం. కోస్తా జిల్లాల్లో కోసిన పనలు, రాశులు తడిసిపోయాయి. తడిసి రంగు మారిన వడ్లు పచ్చిబియ్యానికి పనికిరావు. వాటిని ఉప్పుడు బియ్యంగా మార్చడం మిల్లుల ఆనవాయితీ. ఆ ఉప్పుడు బియ్యానికి పెద్ద గిరాకీ పశ్చిమాఫ్రికాలోనే. సరిగ్గా ఆ సరుకు మీదే ఆ నాడు 20 శాతం సుంకం ఉంది. ఢిల్లీలో తాళం వేసినవారికి బాపట్ల తుపాను ముందుగా తెలియదు, నిజమే. తెలిసిన తరువాత కూడా తాళం తీయలేదు.

నాణేనికి రెండో వైపు కూడా ఉంది. వరి రైతు ఒక్కడే గ్రామం కాదు. మామిడి తోటల్లో కాయలు కోసే కూలీ, తాపీ పని చేసుకునేవాడు, సెంటు భూమి లేని కుటుంబం బజారులో బియ్యం కొనుక్కునేవారే. ఎగుమతులు ఆపితే వారికి బియ్యం కాస్త చవకగా దొరుకుతుందన్నదే ప్రభుత్వ వాదన. అది కొట్టిపారేయదగిన వాదన కాదు. అయితే కూలీకి చవక బియ్యం ఇవ్వాలన్న పుణ్యకార్యానికి ఖర్చు రైతు కళ్ళం నుండి తీయడం ఏమి న్యాయమన్న ప్రశ్నకు జవాబు రాలేదు.

2024 సెప్టెంబరు చివర్లో తాళాలు తీయడం మొదలైంది. పచ్చిబియ్యం మీద నిషేధం ఎత్తివేసి, టన్ను 490 డాలర్లకు తక్కువ అమ్మరాదని షరతు పెట్టారు. ఉప్పుడు బియ్యం మీద సుంకం 10 శాతానికి తగ్గించారు. అక్టోబరులో ఆ రెండూ పోయాయి. 2025 మార్చిలో నూకల మీద నిషేధం కూడా తొలగించారు.

సముద్రంలో ఆగిన ఓడ

తలుపు తెరిచిన నెల రోజులకే కాకినాడలో మరో కలకలం రేగింది. పశ్చిమాఫ్రికాకు బియ్యం మోసుకుపోవలసిన ‘స్టెల్లా ఎల్ పనామా’ ఓడలో పేదల రేషను బియ్యం ఉన్నట్లు 2024 నవంబరులో అధికారులు గుర్తించారు. 29వ తేదీన ఉపముఖ్యమంత్రి పవన్‌కల్యాణ్ పడవలో సముద్రంలోకి వెళ్ళి ‘సీజ్ ద షిప్’ అన్న మాట రాష్ట్రమంతటా మారుమోగింది. తరువాత జరిపిన పరీక్షల్లో 1,320 టన్నులు రేషను బియ్యంగా తేలింది. వాటిని దించిన తరువాత, 2025 జనవరిలో ఓడ కదిలింది.

రేషను బియ్యం చేతులు మారి ఓడ ఎక్కుతున్నాయంటే అర్థం ఏమిటి? చౌక డిపో దగ్గర సంచి పట్టుకుని నిలబడే ముసలమ్మ వాటా అది. బజారులో కొద్ది రూపాయలకు కొన్న బియ్యం సముద్రం దాటితే ఎన్నో రెట్లు పలుకుతుంది. ఆ తేడా ఉన్నంత కాలం దొంగదారి ఉంటుంది. రెండు దేశాల మధ్య స్నేహానికి ఇది మచ్చ కూడా. అబిజాన్‌లోనో, పక్క దేశంలోనో కొనుక్కుని తినే బీదవాడికి తాను మరో బీదవాడి బియ్యం తింటున్నానని తెలియదు కదా.

తిరుగు టపాలో జీడిగింజ

మనం పంపడమే కాదు, అక్కడ నుండి వచ్చేవీ ఉన్నాయి. పచ్చి జీడిగింజల ఉత్పత్తిలో ఐవరీకోస్టు ప్రపంచంలో మొదటిది. ఏటా 10 లక్షల టన్నులకు పైగా పండుతాయి. శ్రీకాకుళం జిల్లా పలాసలోని జీడి పరిశ్రమలు ఉద్దానం గింజలతోనే ఏడాది పొడవునా నడవలేవు. ఆఫ్రికా గింజలు తెచ్చుకుంటాయి. అవి రాకపోతే గింజలు కాల్చి, పగులగొట్టి, పొట్టు తీసే ఆడవారికి పని ఉండదు. అవి ఎక్కువగా వస్తే ఉద్దానం రైతుకు ధర ఉండదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు చెట్లు కూలిపోయిన రైతులు వారు. అదే 2018 బడ్జెట్టులో పచ్చి జీడిగింజల దిగుమతి సుంకాన్ని కేంద్రం 5 శాతం నుండి రెండున్నరకు తగ్గించింది. పరిశ్రమలు సంతోషించాయి, రైతులు నొచ్చుకున్నారు. ఇప్పుడు ఐవరీకోస్టు కూడా తెలివి తెచ్చుకుంది. గింజలు అమ్మితే ఏమి వస్తుంది, పప్పు అమ్ముకుంటేనే లాభమని సొంత ఫ్యాక్టరీలు పెట్టుకుంటున్నది. రేపు పలాసకు గింజ దొరకడం ఢిల్లీ, అబిజాన్ మాట్లాడుకునే తీరు మీద ఆధారపడవచ్చు.

కోకో కథ మనకు ఇంకా దగ్గర. చాక్లెట్టుకు ముడిసరుకైన కోకో ప్రపంచంలో ఎక్కువ పండేది ఐవరీకోస్టులోనే, తరువాత ఘనా. 2024లో అక్కడ వానలు తేడా చేసి, తెగుళ్ళు సోకి పంట పడిపోయింది. ప్రపంచ మార్కెట్టులో టన్ను 10 వేల డాలర్లు దాటింది. కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల్లో కోకో అంతరపంటగా వేసిన ఏలూరు, గోదావరి జిల్లాల రైతులు ఆ ఏడు కిలో వెయ్యి రూపాయలు చూశారు. 2025లో ధర సగానికి దిగింది. రైతులు రోడ్డెక్కారు. రాష్ట్ర ప్రభుత్వం కలగజేసుకోవలసి వచ్చింది. వాళ్ళకు తెగులు వస్తే మనకు పండుగ. వాళ్ళకు పండితే మనకు ధర్నా!

అక్కడి రైతు సుఖంగా ఉన్నాడని కూడా చెప్పలేం. కోకోకు అక్కడా ప్రభుత్వమే ధర ప్రకటిస్తుంది. ప్రపంచ ధర ఆకాశాన్ని అంటిన 2024లో అక్కడి రైతుకు నిర్ణయించిన ధర అందులో చిన్న వంతే. 2025 అక్టోబరులో కిలోకు 2,800 ఫ్రాంకులు చేశారు. మన డబ్బులో అప్పటికి సుమారు నాలుగు వందల నలభై రూపాయలు. తాను పండించిన దానికి ధర వేరొకరు చెప్పడంలో కోత్ దివ్వార్ రైతుకూ కృష్ణా ఒడ్డు రైతుకూ తేడా లేదు.

బోర్డు మీద లేనిది

రైతు సేవా కేంద్రాల వద్ద మద్దతు ధర రాసి పెడతారు. 2025-26కు సాధారణ రకం క్వింటాలు 2,369 రూపాయలు, బస్తాకు 1,776 రూపాయల 75 పైసలు. తేమ శాతం 17 మించరాదని, గోనె సంచులు ఎక్కడ ఇస్తారో కూడా చెబుతారు. ఎగుమతి సుంకం వేశారా, తీశారా, ఏ దేశానికి ఎంత కేటాయించారు అన్నది మాత్రం చెప్పరు. 2023 అక్టోబరు ఉత్తర్వు ఢిల్లీలో అందరికీ తెలిసిన కాగితం. కాకినాడలో ఎగుమతిదారులకు గంటలో తెలిసింది. అబిజాన్‌కూ అదే రోజు తెలిసింది. రంగాపురం, నాగులూరు రైతుకు తెలిపే ఏర్పాటు ఏదీ లేదు.

మూడు వరుసలు అదనంగా రాయడానికి బోర్డు మీద చోటు లేక కాదు. సుంకం తగ్గబోతున్నదని తెలిస్తే రైతు నాలుగు రోజులు ఆగి అమ్ముకోగలడు. పెరిగిందని తెలిస్తే తడిసిన సరుకును తొందరగా వదిలించుకోగలడు. పట్టణాల్లో వ్యాపారులు చేసేది అదే. ఈ వివరాలు వ్యవసాయ శాఖ ద్వారా ప్రతి కొనుగోలు సీజనుకు ముందు గ్రామాలకు పంపడానికి పెద్ద ఖర్చు కూడా ఉండదు. జాతీయ సహకార ఎగుమతుల సంస్థ పేరులోనే సహకారం ఉంది కనుక, గ్రామ సహకార సంఘం దాకా ఆ కబురు రావాలని రైతు అడగడంలో తప్పు లేదు.

ఈలోగా కళ్ళంలో వడ్లు ఆరుతున్నాయి. తేమ చూసే మిషను కోసం రైతు ఎదురు చూస్తున్నాడు.